చాటుమాటు పరీక్ష

ఆదివారం కాదు, పండగ కాదు, పరీక్షల సెలవులు అంతకన్నా కాదు. శుక్రవారం పొద్దున్నే కూతురు భుజాన సంచీ తగిలించుకుని రొయ్యల గుంట కట్టమీద ప్రత్యక్షమయ్యేసరికి చెంచులక్ష్మి గుండెల్లో రాయి పడింది.

“ఏమ్మే వినీలా, చెప్పాపెట్టకుండా వచ్చినావు?”

“ఊరికినే అమ్మా. నిన్ను చూడాలనిపించింది.”

చూడాలనిపించిందట! నెల్లూరులో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి సముద్ర జీవశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్న పిల్ల, ఫోన్ చేస్తే ‘ల్యాబులో ఉండా, తరవాత మాట్లాడతా’ అని పెట్టేసే పిల్ల, అమ్మమీద బెంగ పుట్టి గూడూరులో బస్సు మారి వాకాడు దాటి ఇక్కడిదాకా వచ్చిందంటే నమ్మడానికి చెంచులక్ష్మి ఏమన్నా నిన్న పుట్టిందా?

పైకి మాత్రం “వచ్చినదానివి ఆ చెక్‌ట్రే లాగు, మేత ఎంత తిన్నాయో చూద్దాం” అంది. రొయ్యలు మేత తింటున్నాయో లేదో కనిపెట్టడానికి తాడు కట్టి గుంటలో దించి ఉంచే వలపళ్లెం అది. వినీల చిన్నప్పటినుంచి లాగుతున్నదే. చెక్క బల్ల చివరికి నడిచి తాడు పట్టుకుని బారెడు లాగిందో లేదో “అబ్బా” అంటూ ఎడమచెయ్యి వదిలేసింది. పళ్లెం ఒక పక్కకు ఒరిగి మేతంతా నీళ్లపాలైంది.

“చేతికేమైంది?”

“ఏం కాలా. హాస్టల్లో మెట్లమీద జారినా.”

మెట్లమీద జారితే మోకాలు కొట్టుకుపోవాలి, మోచెయ్యి చెక్కుకుపోవాలి. దెబ్బన్నది కనపడకుండా భుజం కింద కండ ఒక్కటే నొప్పి పుట్టడమేమిటి? తాడు సర్దడానికి వినీల వంగినప్పుడు కుర్తా చెయ్యి పైకి జరిగింది. అక్కడ గుండ్రంగా చిన్న ప్లాస్టరు అంటించి ఉంది. అంటే సూది వేయించుకుంది. జ్వరానికో జలుబుకో అయితే చెప్పడానికేం? చెంచులక్ష్మి తాడు తనే అందుకుని పళ్లెం పైకి లాగింది. సగం మేత అట్లాగే ఉంది.

“ఏందక్కా, కూతురొచ్చినట్టుందే! మా బిందు రాలా మరి. సెలవులేమన్నా ఇచ్చినారా?” అని పక్క గుంట కట్టమీదినుంచి జయశీల కేకేసింది. జయశీల కూతురు బిందు కూడా వినీల క్లాసే, ఇద్దరిదీ ఒకే హాస్టలు. అంతే అయితే ఫరవాలేదు. జయశీల అన్నకొడుక్కి వినీలను ఇచ్చే మాట ఒకటి నాలుగు నెలలుగా నలుగుతోంది. అందుకని జయశీల ముందు చెంచులక్ష్మి గట్టిగా తుమ్మాలన్నా ఆలోచించేది.

“ప్రాజెక్టు పనంట. రొయ్యలు చూసుకునేదానికి వచ్చింది” అని అప్పటికప్పుడు ఒక అబద్ధం అల్లేసింది. వినీల తలూపింది. తను అనుకోకుండా ఆడిన అబద్ధానికి కూతురు అంత చప్పున తలూపడం చెంచులక్ష్మికి అస్సలు నచ్చలేదు.

ఆ తీరంలో గుంటలు వేసినవాళ్లందరికీ ఒకటే భయం. పంట మధ్యలో రొయ్యల్ని ల్యాబుకు పట్టుకుపోయి టెస్టు చేయించారని తెలిస్తే చాలు, ‘వాళ్ల గుంటకు జబ్బంట’ అని పొద్దుగూకేలోగా ఊరంతా పాకుతుంది. కొనేవాడు రేటు కోసేస్తాడు. అందుకని టెస్టు మానరు, చాటుమాటుగా చేయిస్తారు. పెంచలయ్య ఇంట్లో ఆ పని పెళ్లాం చెంచులక్ష్మిది. టిఫిన్ క్యారేజీ కింది గిన్నెలో ఐసు మధ్య రొయ్యలు, పై గిన్నెలో పెరుగన్నం. క్యారేజీ పట్టుకుని బస్సెక్కిన ఆడమనిషి చుట్టాల్ని చూడటానికి పోతోందనుకుంటారు గాని ల్యాబుకని ఎవరనుకుంటారు? ఆమె తెచ్చిన కబురు చెడ్డదైతే మర్నాడే వలలు దించి, చిన్నా పెద్దా చూడకుండా పట్టేసి వచ్చినకాడికి అమ్ముకునేవాళ్లు. పెంకుమీద తెల్లమచ్చలు లేచే జబ్బు తగిలిన రొయ్యకు మందు లేదు. టెస్టు ఉన్నది నయం చేయడానికి కాదు, అన్నీ చచ్చేలోగా చేతికందింది దక్కించుకోవడానికి.

జబ్బు గురించీ టెస్టు గురించీ చెంచులక్ష్మికి తెలిసింది ఇదే. అందుకే కొన్ని నెలలుగా తనకు నెల మధ్యలో కూడా ఎర్రగా కనపడుతున్నా, పెంచలయ్య పక్కన పడుకున్న మర్నాడల్లా చీరకు మరకవుతున్నా, నడుం కింద ఎవరో మెలిపెట్టినట్టుంటున్నా ఒక్కరితో అనలేదు. పాత చీరముక్కలు మోటారు షెడ్డు వెనక ఉతికి, మేత సంచుల చాటున ఆరేసుకుంటోంది. భయం లేక కాదు. భయంతో ఒక్కోసారి ముద్ద దిగేది కాదు. పేరు పెట్టి పిలవకుండా ఉంటే అదే పోతుందేమోనని చూస్తోంది. దానికితోడు ఈ పిల్లొకతి, సూది గుచ్చించుకుని వచ్చి కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మేత సంచీ విప్పడానికి షెడ్డు దగ్గరికి పోతే, గోడ అవతల వినీల గొంతు తగ్గించి ఫోనులో మాట్లాడుతోంది. చెంచులక్ష్మి చెప్పులు విడిచి గోడ దగ్గరికి జరిగింది.

“లేదు గణేష్, అమ్మకింకా చెప్పలా. ముందే చెప్తే పని జరగదు... మంగళవారం ఎట్టయినా వస్తా. నువ్వు ఆస్పత్రి కాడే ఉండు... ఆఁ, గర్భాశయం డాక్టరమ్మే, ఆమెతో మాట్లాడినావు కదా?... భయంగానే ఉంది. ఉండదా మరి?”

చెంచులక్ష్మి అక్కడే మేత సంచీ మీద కూలబడింది. సూది. ఆస్పత్రి. గర్భాశయం. గణేష్. ఈ నాలుగు ముక్కలు కలిపి కుట్టడానికి దర్జీ అక్కర్లేదు. ‘ఓరి దేవుడా, ఎంత పని చేసింది!’ అనుకుంది. లేచి వెళ్లి జుట్టు పట్టుకుని నాలుగు వాయించుదామని చెయ్యి లేచింది గాని, అవతల కట్టమీద జయశీల తిరుగుతోంది. చెయ్యి దించుకుని, విప్పిన సంచీనే మళ్లీ కట్టింది.

పెంచలయ్యకు చెప్పలేదు. చెబితే ఆయన అరుస్తాడు, ఆయన అరిస్తే ఊరికి వినపడుతుంది. ముందు నిజమో కాదో తేల్చుకోవాలనుకుంది. మర్నాడు మాగిన బొప్పాయి కోసి కూతురి ముందు పెట్టింది. కడుపుతో ఉన్నది బొప్పాయి జోలికి పోదు గదా! వినీల ఒక ముక్క తిని, బాగుందని ఇంకో రెండు లాగించింది. చెంచులక్ష్మికి ఒక్క నిమిషం ప్రాణం లేచివచ్చింది. మరు నిమిషంలో, పోగొట్టుకోవాలనే తింటోందేమోనని తట్టి, మిగిలిన కాయ తీసుకుపోయి బర్రె తొట్లో వేసింది.

“అదేందమ్మా, ఇంకా తిందామనుకుంటే!”

“ఆఁ, తిందువులే! తిన్నంతా చాలు.”

ఇంతలో ఇంకో వింత. తను కూతుర్ని కనిపెడుతుంటే, కూతురు తనను కనిపెడుతున్నట్టు తోచింది. స్నానానికి వెళ్తే వాకిట్లో నిలబడుతోంది. షెడ్డు వెనక్కి వెళ్తే ఏదో వెతుక్కుంటున్నట్టు అటే వస్తోంది. “ఎందుకమ్మా అంత నీరసంగా ఉండావు? నడుం నొప్పా?” అని అడుగుతోంది.

“నాకేం రోగం? గుండ్రాయి మాదిరి ఉండా. నీ సంగతి చూసుకో” అంది చెంచులక్ష్మి. దొంగ పిల్ల, తనమీద చూపు పడకుండా మాట నామీదికి తిప్పుతోంది అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. చేపల పులుసు వడ్డిస్తుంటే వినీల తండ్రివైపు చూడకుండా, తల్లిని ఉద్దేశించి మొదలుపెట్టింది.

“మొన్న మా క్లాసుకు ఒక డాక్టరమ్మ వచ్చిందమ్మా. ఆడోళ్లకు గర్భసంచి మూతికి క్యాన్సరు వస్తుందంట కదా, దాన్ని గురించి చెప్పింది. దానికి టీకా ఉందని మీలో ఎంతమందికి తెలుసు అనడిగితే సరిగ్గా నలుగురు కూడా చెయ్యెత్తలా. అది తిరుగుబోతు ఆడోళ్లకొచ్చే జబ్బు కదా మేడం అనింది ఒకమ్మాయి. అందరూ ఒకటే నవ్వు. రొయ్యలకొచ్చే వైరసుల పేర్లన్నీ గడగడా అప్పజెప్పేవాళ్లం, మా ఒంట్లో దూరే వైరసు పేరు ఒక్కరికీ తెలీదు.”

పెంచలయ్య ముద్ద మింగి, “టీకా అమ్ముకునేదానికి వచ్చుంటారులే” అన్నాడు. “రొయ్యకు బలమని చెప్పి మనకు డబ్బాలు అంటగట్టిపోయినోడు మళ్లీ కనపడినాడా? ముందు తియ్యగా మాట్లాడతారు, తరవాత ఫోనే ఎత్తరు.”

“అమ్ముకునేదానికి కాదు నాయనా. టీకా మాబోటి వాళ్లకు. పెళ్లికి ముందే వేయించుకుంటే మంచిదంట. అమ్మ వయసోళ్లకు టెస్టు. ఏమీ బాధ లేకపోయినా చేయించుకోవాలంట.” ఆఖరి మాట అంటూ వినీల తల్లి మొహంలోకి సూటిగా చూసింది.

చెంచులక్ష్మి చేతిలో గరిటె ఆగింది. ఓహో, ఇదా సంగతి! చేతిమీద ప్లాస్టరు నేను చూశానని పసిగట్టి, టీకా అని కథ అల్లుతోంది. అల్లనీ, ఎంతవరకు అల్లుతుందో చూద్దాం అనుకుంది. కానీ ‘తిరుగుబోతు ఆడోళ్లకొచ్చే జబ్బు’ అన్న మాట మాత్రం చేపముల్లులా గొంతుకు అడ్డం పడింది. మొగుడు తప్ప మగవాసన ఎరగని తనకే అది వచ్చి ఉంటే? నలుగురూ ఏమంటారు?

“అన్నం కాడ ఆ మాటలేంది? గమ్మున తిను” అని కసిరింది.

సోమవారానికి గుంటలో రొయ్యలు మేత ఇంకా తగ్గించాయి. పెంచలయ్య కట్టమీద అటూ ఇటూ తిరిగి, భార్యను పక్కకు పిలిచి “రేపు క్యారేజీ కట్టు” అన్నాడు. వాకాడులో అందరూ తెలిసినవాళ్లే, గూడూరులో సగంమంది తెలిసినవాళ్లే, కాబట్టి నెల్లూరు ల్యాబుకే పోవాలి. ఆ మాట వినీల చెవిన పడింది.

“నేను కూడా నీతోపాటు వస్తానమ్మా. ఆడినుంచి అట్నే హాస్టలుకు పోతా.”

“రా తల్లీ, రా. నేనే పిలుద్దామనుకుంటా ఉండా” అంది చెంచులక్ష్మి. మంగళవారమని నీ అంతట నువ్వే అన్నావు కదే. నీ చెయ్యి వదిలితే నా పేరు చెంచులక్ష్మి కాదు అనుకుంది.

పొద్దున్న బస్సెక్కేముందు జయశీల ఇంటికి తాళం కనపడింది. ఆమె చెల్లెలికి బాగాలేదని తెల్లారకముందే గూడూరు పోయిందని అరుగుమీది ముసలమ్మ చెప్పింది. పీడా పోయింది, ఈరోజైనా ఆ కళ్లు మనమీద ఉండవు అనుకుంది చెంచులక్ష్మి. బస్సులో కూతుర్ని కిటికీవైపు కూర్చోబెట్టి తను అడ్డంగా కూర్చుంది, దిగాలంటే తనను దాటుకునే దిగాలని. గూడూరులో మారారు. మనుబోలు దాటేదాకా వినీల ఫోను చూసుకుంటూనే ఉంది. చూసినప్పుడల్లా చెంచులక్ష్మి ఒళ్లోని క్యారేజీని గట్టిగా పట్టుకుంది.

ల్యాబులో రొయ్యలు ఇచ్చి, సాయంత్రంలోగా పెంచలయ్యకు ఫోన్ చేసి చెబుతామంటే సరేనని బయటికొచ్చారు.

“అమ్మా, ఇంకొకచోటికి పోవాల” అంది వినీల, చెప్పు కొనతో నేల గీస్తూ.

“పోదాం. నేనూ వస్తా. ఆ గణేషు మొహం నేను కూడా చూడాల కదా!”

వినీల గతుక్కుమంది. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆస్పత్రి గేటు దగ్గర దిగగానే చెంచులక్ష్మి కూతురి రెక్క పట్టుకుని చెట్టునీడకు ఈడ్చింది. సూది పడిన చెయ్యే అది. వినీల కెవ్వుమంది.

“ఎన్నో నెలే?”

“ఏంది ఎన్నో నెల?”

“నా నోటితో చెప్పించొద్దు. మేత సంచుల కాడ నేనంతా విన్నా. ఎవడే వాడు? వాళ్లమ్మానాయనకు తెలుసా? కడుపు తీయించుకునేదానికి నన్ను తోడు తెచ్చుకున్నావా, సిగ్గులేని దానా?”

వినీలకు ముందు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్లల్లోంచి బొటబొటా నీళ్లు కారాయి.

“నాకు కాదమ్మా. డాక్టరమ్మ కాడికి తెచ్చింది నిన్ను. నేను వేయించుకుంది టీకా. సెలవులకొచ్చినప్పుడు సంచుల వెనక నీ గుడ్డలు చూసినా. మళ్లీ మళ్లీ చూసినా. అప్పుడు నాకేం తెలీలా. క్లాసులో డాక్టరమ్మ చెప్తా ఉంటే, ఆ అమ్మాయి తిరుగుబోతోళ్లకని అనింది కదా, అప్పుడు నేనూ నవ్వినా అమ్మా. అందరితోపాటు నవ్వినా. ఆ తరవాత డాక్టరమ్మ గుర్తులు ఒక్కొక్కటే చెప్పింది. నువ్వు కళ్లముందు కనపడినావు. ఇంక నవ్వు రాలా.”

చెంచులక్ష్మి పట్టు సడలింది. ఐదు రోజులుగా తను దొంగను పట్టుకోవాలని తిరుగుతుంటే, ఆ దొంగ తనకోసమే కాపు కాసిందన్నమాట. “లోపలికి పద, ఎండ” అంది.

లోపల వరండాలో బెంచీలమీద ఆడవాళ్లు, ఒక్కొక్కరి పక్కన ఒక్కో కాలేజీ పిల్ల. స్తంభం దగ్గర కళ్లజోడు కుర్రాడొకడు తల్లికి సీసాలోంచి మజ్జిగ పోసిస్తున్నాడు. “ఆంటీ, నేను గణేష్. వినీల క్లాసే” అని లేచి నిలబడ్డాడు. చెంచులక్ష్మికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మనసులో వాడిని అప్పటికే నాలుగుసార్లు ఉరి తీసింది. సూళ్లూరుపేటనుంచి వచ్చిన షాహీనా తన తల్లి ఖుర్షీదాకు ఏదో నచ్చజెబుతోంది. “పెళ్లిగుడ్డలు కొందాం రమ్మని తెచ్చిందమ్మా ఈ పిల్ల! ఇదేనా గుడ్డల షాపు?” అని ఖుర్షీదా చెంచులక్ష్మికే ఫిర్యాదు చేసింది. అందరూ అట్లా వచ్చినవాళ్లే. తల్లులు నిజం చెబితే రారని ఆ క్లాసు పిల్లలంతా కూడబలుక్కుని, ఒక్కొక్కరు ఒక్కో వంక పెట్టి మంగళవారానికి లాక్కొచ్చారు.

గోడవారగా ఒకామె తలమీద చెంగు ముక్కుదాకా లాక్కుని కూర్చుంది. పక్కన బిందు. చెంగు లోపలినుంచి ఆమె చెంచులక్ష్మిని చూసింది, చెంచులక్ష్మి ఆమెను చూసింది.

“చెల్లెలికి ఎట్టుంది జయశీలా?”

“నీ చుట్టాలు బాగుండారా అక్కా?” అంది జయశీల, క్యారేజీవైపు చూస్తూ. ఇద్దరూ చెరో దిక్కుకు తిరిగి కూర్చున్నారు. ఎవరు ఎవరిమీద నిఘాకు వచ్చారో ఇద్దరికీ అనుమానమే.

పేరు పిలిచినా చెంచులక్ష్మి లేవలేదు. “నేను చేయించుకోను” అంది.

“రొయ్యపిల్ల గుంటలో వదలాలంటే టెస్టు లేకుండా వదలవు కదమ్మా! నీ ఒంటికొద్దా?”

“రొయ్యకు టెస్టెందుకు చేయిస్తామే? మందేసి బతికించేదానికా? జబ్బుందని తెలిస్తే పట్టేసి అమ్ముకునేదానికి. నాకుందని తెలిస్తే నన్నేం చేస్తారు? తెలిసిన కాడినుంచి రోజూ చావాల. తెలీకుంటే ఒక్కరోజే.” ఇన్నాళ్లూ గుంట కాడ పెరిగి కూడా తల్లి టెస్టును ఇట్లా చూస్తుందని వినీలకు తట్టలేదు.

చెంచులక్ష్మి విసవిసా నడిచి వెళ్లి మెట్లమీద కూర్చుంది. అక్కడ ఒక పెద్దాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. మనుబోలు దగ్గర సేద్యం, పేరు కామాక్షయ్య. పక్కన చక్రాల మంచంమీద ఆయన భార్య కళ్లు మూసుకుని పడుకుని ఉంది. ఎండుపుల్లలా ఉంది మనిషి. దుప్పటి కిందనుంచి వస్తున్న వాసనకు దారినపోయేవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు.

“ఏం బాధన్నా?” అని అడిగింది, తెలిసే అడిగింది.

“ఆడోళ్ల జబ్బే తల్లీ. ఏడాదిపైగా చాటుగా ఓర్చుకునింది. నాకు కూడా చెప్పలా. ఇప్పుడు చేసేదేమీ లేదంటా ఉండారు, నొప్పికి మందిచ్చి పంపిస్తారంట.” ఆయన ఆగి, భార్య కాళ్లమీద దుప్పటి సర్దాడు. “నిన్న తెలిసింది నాకు. మా పక్కింటామెకు ఇదే వచ్చిందంట, ముందే చూపించుకునిందంట, కాల్చి తీసేసినారంట. శుభ్రంగా నాట్లకు పోతా ఉంది ఆమె. ఒక్కమాట, ఒక్కమాట మా ఆమె చెవిన వేసింటే ఏం పోయేదమ్మా ఆమెకు? పరువు పోతుందని చెప్పలేదంట. గోడకు గోడ మాకు, ఉప్పు అప్పు తీసుకునేవాళ్లం.”

ఆయన ఏడవలేదు. అర్థం కానివాడిలా చెంచులక్ష్మి మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపుకు ఆమె తల వంచుకుంది. తన గుంటకు జబ్బు తగిలిన ఏడు తనూ అంతే చేసింది. గుట్టుగా రొయ్యలు పట్టించి, ఆ నీళ్లు కాలవలోకి వదిలించింది. కింది గుంటలవాళ్లు ఆ నీళ్లే తోడుకున్నారు. వాళ్లలో జయశీల కూడా ఉంది.

ఆమె లేచింది. లోపలికొచ్చి కూతురి చేతికి క్యారేజీ ఇచ్చి “పట్టుకో” అని, తెర తీసుకుని వెళ్లిపోయింది.

డాక్టరమ్మ వయసులో చిన్నదే. మాట మెత్తగా ఉన్నా చెయ్యి చురుకు. “వెనిగరు మాదిరి నీళ్లు పూస్తా, రవంత చిమచిమలాడుతుంది” అని చెప్పి పూసింది. చెంచులక్ష్మి పైనున్న ఫ్యాను రెక్కలు చూస్తూ పళ్లు బిగబట్టింది. డాక్టరమ్మ దీపం దగ్గరికి జరిపి చూసింది, మళ్లీ చూసింది.

“ఒకచోట తెల్లబడిందమ్మా.”

తెల్లబడిందన్న మాట చెంచులక్ష్మికి కొత్త కాదు. రొయ్య పెంకుమీద తెల్లగా కనపడ్డ రోజే వలలు సిద్ధం చేసుకుంటారు. ఆమె మోచేతులమీద లేచి, “ఇంకెన్నాళ్లమ్మా?” అని అడిగింది.

“దేనికి ఎన్నాళ్లు?”

“నాకు.”

డాక్టరమ్మ ఆమె భుజంమీద చెయ్యివేసి పడుకోబెట్టింది. “తెల్లబడిన చోటల్లా క్యాన్సరు కాదమ్మా. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతా. సోమవారం రండి. ఏమీ లేకపోవచ్చు. క్యాన్సరు కాకముందు మార్పే అయితే ఆ కాస్త కాల్చేస్తాం, ఇంటికి పోయి పని చేసుకుంటారు. ఒకవేళ అదే అయినా, చూడబోతే మొదట్లోనే వచ్చినారు. దేనికైనా వైద్యం ఉంది.”

“మందుందా?”

“ఉంది.”

“నిజంగా ఉందా? ఊరికే ధైర్యానికి చెప్తా ఉండావా?” ఎవరినీ ఒకమాటకు నమ్మే మనిషి కాదు. డాక్టరమ్మ నవ్వి, మళ్లీ మొదటినుంచి చెప్పింది. చెంచులక్ష్మి అది ఇంకోసారి చెప్పించుకుని గాని బల్ల దిగలేదు. అప్పుడు ఏడ్చింది, తెర పట్టుకుని, ఇన్ని నెలల ఏడుపూ.

జయశీలకు ఏమీ లేదని చెప్పారు. బయటికొస్తుండగా పెంచలయ్య ఫోను. “గుంట బాగుందంట. ల్యాబోళ్లు చేసినారు. మేత మార్చితే సరిపోతుందంట. నువ్వేందే అట్ట మాట్లాడతా ఉండావు, గొంతు పట్టేసిందా?”

“ఇంటికొచ్చి చెప్తా. గుంట బాగుంటే చాల్లే, నా సంగతి రవంత ఉంది” అంది.

బిందు హాస్టలుకు వెళ్లిపోయింది. వినీల మాత్రం తల్లిని వదిలిపెట్టనని తిరుగు బస్సెక్కింది. గూడూరులో బస్సు మారాక అన్నీ తెలిసిన మొహాలే, ఊరి ఆడవాళ్లు సంత సంచులతో ఉన్నారు. జయశీల, చెంచులక్ష్మి ఒకే సీట్లో కూర్చున్నారు, మధ్యలో క్యారేజీ. జయశీల చెవి దగ్గర గుసగుసలాడింది. “అక్కా, ఇద్దరం గూడూరులో కలుసుకున్నాం, గుడ్డలు చూసినాం, నచ్చలా. అంతే. మా వదినకు ఈ సంగతి తెలిస్తే పిల్ల సంబంధం ఉండదు. నేను చెప్పను, నువ్వూ చెప్పబాక.”

చెంచులక్ష్మి జవాబు చెప్పేలోపే ముందు సీట్లోని ఆమె వెనక్కి తిరిగింది. “ఏంది, ఇద్దరూ కలిసి వస్తా ఉండారే! యాడికి పోయినారు?”

“గుడ్డలకని పోయినాం లేమ్మా” అంది జయశీల.

“ఆస్పత్రికి” అంది చెంచులక్ష్మి.

జయశీల ఆమె తొడమీద గిల్లింది. వెనక సీట్లోంచి వినీల ముందుకు వంగింది.

“గర్భసంచి మూతికి టెస్టు చేయించుకున్నా. నెల మధ్యలో కనపడతా ఉంటే ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్నా. ఒకచోట ఏదో ఉందన్నారు, ముక్క తీసినారు. సోమవారం మళ్లీ పోవాల. తిరుగుబోతోళ్లకొచ్చేది కాదంట అది, మొగుడొక్కడే ఉన్నదానికి కూడా వస్తుందంట. ముందే పోతే మందుందంట. నా కూతురు చెప్పింది, డాక్టరమ్మ కూడా చెప్పింది.” బస్సు రొదలో వినపడదేమోనని గట్టిగానే చెప్పింది. ఆఖరి మాటలకు కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి, చూపు కిటికీలోంచి బయటికి తిప్పుకున్నాడు.

ముందు సీటామె నెమ్మదిగా ముందుకు తిరిగింది. సంబంధం ఇంక పోయినట్టే అనుకుంది చెంచులక్ష్మి. బాధేసింది కూడా. వెనక్కి చెయ్యి చాపితే వినీల ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. వాకాడు వచ్చింది, కొందరు దిగారు. దిగుతూ ఒకరిద్దరు ఆమెవైపు చూసి పైట సర్దుకున్నారు.

ఊరు దగ్గరపడుతుండగా ముందు సీటామె మళ్లీ తిరిగింది. ఈసారి మొహం సగమే తిప్పింది, గొంతు ఎవరికీ వినపడకుండా తగ్గించింది.

“సోమవారం ఏ బస్సుకు పోతావక్కా?”

చెంచులక్ష్మి నోరు తెరిచేలోపల జయశీలే అందుకుంది. “తొలిబస్సుకు. ఆలస్యం చేసినావంటే సీటు దొరకదు. నేను కూడా వస్తా ఉండా, ఇంటికాడికొచ్చి పిలుస్తాలే” అంది, మామూలుగా, బస్సంతా వినేటట్టు.